ఏడో నంబరు రాబందు పోస్టు

ఊటుకొండ మండలంలో ఏడో నంబరు రాబందు విధి నిర్వహణలో ఉండగా చనిపోవడంతో, నిబంధనల ప్రకారం ఆ ఉద్యోగం కారుణ్య నియామకం కింద, దాని మీద ఆధారపడి బతుకుతున్న సుంకన్నకు వచ్చింది. దీనికి ఎవరూ నోరు వెళ్లబెట్టలేదు. ఉద్యోగి పోతే ఆ ఇంటి మనిషికి ఉద్యోగం ఇవ్వడం మన దగ్గర కొత్తేమీ కాదు. నోరు వెళ్లబెట్టాల్సింది ఏదైనా ఉంటే, ఆర్డరు నలభై రోజుల్లోనే చేతికి రావడం. జిల్లా ఆఫీసులో అంత త్వరగా కదిలిన ఫైలు అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు.

మృత పశు నిర్మూలన విభాగంలో రాబందులకు మొత్తం పన్నెండు పోస్టులు. వాటిని మంజూరు చేసింది ఎప్పటి కలెక్టరో. ఆయన ఒక రోజు పొద్దున గుర్రం మీద పోతూ, ఊటుకొండ పక్కన బొమికెల దిన్నె మీద చచ్చిన ఎద్దు పడి ఉండటం చూశాడట. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అక్కడ తెల్లటి ఎముకలే ఉన్నాయి. వాసన లేదు, ఈగ లేదు. ఇంత త్వరగా, ఇంత శుభ్రంగా, ఎవరి ఆర్డరూ లేకుండా ఒక పని జరిగిపోవడం ఆయనకు మింగుడు పడలేదు. అందుకని ఆ పని చేస్తున్నవాళ్లనే ఆ పనిలో నియమిస్తూ సంతకం పెట్టాడు, కాళ్లకు నంబరు బిళ్లలు కట్టించాడు. రాబందులు బిళ్లలు కట్టించుకుని వాటి పని అవి చేసుకుపోయాయి.

జాబ్ చార్టు కూడా ఆయన కాలంలో రాసిందే, ఇప్పటికీ అదే అమల్లో ఉంది. తోలు ఒలిచేది ఊరి మనిషి. మాంసం రాబందులది. పన్నెండూ కలిసి దిగితే ఎద్దు గంటలో ఖాళీ. ఎముకలకు అంటుకున్న నరాలు కుక్కలకు, వాటిది దినకూలీ హోదా. సందుల్లో ఇరుక్కున్నది కాకులకు, ఎండిపోయిన తునకలు పురుగులకు, కింద కారిన తడి చీమలకు. ఆఖరి సంతకం మట్టిది. మట్టి సంతకం పెట్టిన చోట మరుసటి ఏడు గడ్డి మోకాలెత్తు లేచేది, దాన్ని గొడ్లు వచ్చి మేసేవి. ఒకరి పని మరొకరు చేస్తే చెడుతుందని చార్టు చివర ఎర్ర సిరాతో ఒక మాట ఉంది. గొడ్డు ఏ రోగంతో చచ్చినా ఆ రోగం రాబందు కడుపులోకి పోయి అక్కడే చస్తుంది. కుక్క కడుపులో అది చావదు, కుక్కతో పాటు ఊళ్లోకి నడిచి వస్తుంది. కలెక్టరుకు ఇది ఎవరు చెప్పారో తెలియదు, కానీ ఎవరో తెలిసినవాళ్లే చెప్పి ఉంటారు.

పన్నెండు రాబందులు ఒక్కదానికి తగ్గడానికి పెద్ద కాలమేమీ పట్టలేదు. కుంటే గొడ్లకు నొప్పి తెలియకుండా ఒక సూది వచ్చింది. మంచి మందే, కాదనడానికి లేదు. సూది వేస్తే కాలు ఈడ్చే ఎద్దు ఇంకో నాలుగు రోజులు మడక లాగేది. లాగి లాగి అయిదో రోజు చచ్చేది. దాన్ని తిన్న రాబందులకు మూత్రపిండాలు సున్నం పెట్టినట్టు తెల్లబడేవి. మెడ వేలాడేసుకుని రెండు రోజులు చెట్టు మీద కూర్చుని, మూడో రోజు కిందపడేవి. ఈ సంగతి అందరికీ తెలుసు. కానీ ఆ సూది కొనే సెక్షను పక్క గదిలోనే ఉంది. ఒకే ఆఫీసు తన మీద తాను ఫిర్యాదు రాసుకోవడం కుదరదు కాబట్టి, చనిపోయిన పదకొండు రాబందుల సర్వీసు రిజిస్టర్లలో స్వచ్ఛంద పదవీ విరమణ అని రాసి మూసేశారు. ఏడో నంబరు మాత్రం సూపరింటెండెంటు గారు తనిఖీకి వచ్చినప్పుడు ఆయన జీపు బానెట్టు మీదే పడి చనిపోయింది. దాంతో విధి నిర్వహణ అని రాయక తప్పలేదు.

రాబందులు తగ్గేకొద్దీ దిన్నె మీద మాంసం మిగిలింది. మాంసం మిగిలేకొద్దీ కుక్కలు పెరిగాయి. దినకూలీకి వచ్చినవి కాపురం పెట్టాయి, పిల్లల్ని కన్నాయి, నూటయాభై దాటాయి. మాంసం లేని రోజు రోడ్డు మీదికి వచ్చేవి. ఊటుకొండ నుంచి హైస్కూలుకు దారి దిన్నె పక్క నుంచే. సుంకన్న కూతురు ఓబులమ్మ ఆ దారిన ఆరో తరగతికి పోయేది. ఒక సోమవారం పిక్క మీద కరిచాయి. చిన్న గాటే కదా అని ఆ పిల్ల ఇంట్లో చెప్పలేదు. నలభై రోజుల తర్వాత నీళ్ల గ్లాసు చూసి భయపడింది, మూడు రోజులు భయపడుతూనే ఉండి చనిపోయింది. సుంకన్న ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నాడు, రాబందులు ఉంటే నా బిడ్డ ఉండేదని. పరిశీలించి, సంబంధం రుజువు కాలేదని జవాబిచ్చారు.

సుంకన్న ఎవరో ఇంకా చెప్పలేదు కదూ. ఊళ్లో గొడ్డు చస్తే కబురు మొదట వెళ్లేది ఆ ఇంటికి. వాళ్ల నాయన, వాళ్ల నాయన నాయన, అందరూ చచ్చిన గొడ్డును దిన్నెకు ఈడ్చి, తోలు ఒలిచి, ఎముకలు ఏరి బతికినవాళ్లు. ఆ పని వాళ్లే ఎందుకు చేయాలని ఊరు ఎప్పుడూ అడగలేదు. వాళ్లు అడిగినప్పుడు ఊరికి వినపడలేదు. రాబందులకైనా ఆర్డరు కాగితం ఉండేది, ఈ ఇంటికి అదీ లేదు.

సూపరింటెండెంటు శేషఫణి గారు మంచి మనిషే. కావాలని ఎవరి ఫైలూ తొక్కిపెట్టే రకం కాదు. సుంకన్నను పిలిపించి, ఎదురుగా నిలబెట్టుకుని, చనిపోయిన పక్షి తాలూకు కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం నింపడం మొదలుపెట్టాడు.

"పెండ్లాం ఉందా సుంకన్నా దానికి?"

"ఉండాది సార్. పాలబండ కోనలో, గూట్లో."

"పిల్లలు?"

"ఒగటే పిల్ల. ఇంకా రెక్కలు రాలా."

భార్యకు మొదటి హక్కు కాబట్టి పాలబండ కొండ కింద రాతికి నోటీసు అంటించారు. ఆ ఆడ రాబందు కొండమీద చచ్చిన మేకల్ని ఏరుకొచ్చి బిడ్డను సాకుతోంది గానీ, ఆఫీసు రిజిస్టర్లలో దాని పేరు ఎప్పుడూ లేదు. పదిహేను రోజుల్లో జవాబు రాలేదు. రాకపోతే ఇష్టం లేనట్టే లెక్క. ఇక పిల్ల సంగతి చూస్తే మైనరు. రాబందు పెద్దది కావడానికి అయిదేళ్లు పడుతుంది.

"అయిదేండ్లు ఖాళీగా పెడితే పోస్టు రద్దయిపోతాది," అన్నాడు శేషఫణి. "పోస్టే లేకుంటే దిన్నె ఎందుకంటారు. ఆడ ప్లాట్లు ఏసుకుంటామని ఇప్పటికే అర్జీలు వచ్చినాయి. దాని మీద ఆధారపడినోళ్లు ఇంకెవరన్నా ఉండారా?"

సుంకన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "నేనే ఉండా సార్. అది తింటేనే నా దిన్నె ఖాళీ అయ్యేది. ఖాళీ అయితేనే నాకు ఎముకలు దొరికేది."

శేషఫణి రాసుకుంటూ పోయి, చనిపోయిన ఉద్యోగితో సంబంధం అనే గడి దగ్గర కాసేపు పెన్ను ఆపాడు. చివరికి పాలివాడు, అంటే వాటా ఉన్న దాయాది, అని రాశాడు. "ఆ పిల్ల పెద్దదయ్యేదాకా నువ్వు పట్టి ఉంచు సుంకన్నా. తర్వాత దాని పోస్టు దానికి ఇచ్చేద్దాం," అన్నాడు. సుంకన్నకు కావలసిందీ అదే. పండగ రద్దీలో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు, కోనలో ఉన్న పిల్ల కోసం ఆ చోటు ఆపాలనుకున్నాడు. రాబందులు మళ్లీ దిన్నెకు రావాలి, కుక్కలు తగ్గాలి, ఆ రోడ్డు మీద ఇంకో పిల్లను కరవకూడదు. ఇంతకు మించి అతనికి ఇంకో కోరిక లేదు.

ఇంటికి పోయి భార్య సవారమ్మకు ఆర్డరు చూపించాడు.

"ఏం ఉద్యోగమంట?"

"రాబందు."

"పర్మనెంటేనా?"

"రెండేండ్లు ప్రొబేషను. ఆ పైన పర్మనెంటు."

సవారమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపింది. "తినాల్నా?"

"తినాల."

"ఉడకబెట్టుకోని తినొచ్చునేమో, అడిగినావా?"

"అడిగినా. చార్టులో పొయ్యి ల్యాదంట."

ఆమె చేట పక్కన పెట్టి ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చినా అతను పక్కనే కూర్చున్నాడు. చివరికి ఆమే కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు తినకుంటే కుక్కలు తింటాయి. పో," అంది. "నేను మాత్రం చూడ్లేను. నన్ను చూడమనాకు."

సుంకన్న డ్యూటీ పొద్దున ఆరింటికి మొదలయ్యేది. రాబందు ఆకాశంలో చక్కర్లు కొడుతూ కళేబరాన్ని వెతకాలని చార్టులో ఉంది. రెక్కలకు ఇండెంటు పెట్టారు గానీ సరుకు రాలేదు. అవి వచ్చేదాకా ఊరి నీళ్ల ట్యాంకు ఎక్కి, దాని అంచు చుట్టూ తిరగడానికి అనుమతిచ్చారు. ట్యాంకు మీద నుంచి మండలమంతా కనిపించేది. గొడ్డు పడితే చూడాలి, పావుగంటలో చేరాలి, పొద్దు కుంకకముందే ముగించాలి. మొదటి మూడు నెలలు అతను తిన్నది తిన్నట్టే కక్కేశాడు. విధుల్లో నిర్లక్ష్యమని మెమో ఇచ్చారు. తర్వాత పాత ఫైళ్లు తిరగేస్తే, బెదిరిన రాబందు కక్కడం దాని సహజ లక్షణమని తేలింది. మెమో వెనక్కి తీసుకుని, వాంతిని జాబ్ చార్టులో ఒక అంశంగా చేర్చారు.

నాలుగో నెల నుంచి తిన్నది కడుపులో నిలిచింది. తల మీద, మెడ మీద వెంట్రుకలు రాలిపోయాయి. ప్రభుత్వ డాక్టరు పరీక్ష చేసి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చాడు. జీర్ణరసం ఎముకను కరిగించేంత ఘాటుగా ఉన్నదని, మూత్రపిండాలు మనిషివి కావని, రాబందువని, రెండూ ఉద్యోగానికి తగినవేనని అందులో రాశాడు. కింద స్టాంపు కూడా స్పష్టంగా పడింది. ఊళ్లో వాళ్లు అతన్ని చూసి దారి ఇవ్వడం మొదలుపెట్టారు. ముందూ ఇచ్చేవాళ్లే. కాకపోతే ఇప్పుడు ప్రభుత్వోద్యోగి అని ఇస్తున్నామని చెప్పుకునే వీలు దొరికింది.

పన్నెండు రాబందుల పని ఒక్కడి వల్ల ఎక్కడవుతుంది? ఎద్దుకు అతనికి రెండు రోజులు పట్టేది. అయినా తిన్నంత తిన్నాడు. తినలేనిది గుంత తీసి పూడ్చాడు, కానీ పూడ్చినదాన్ని చాలాసార్లు కుక్కలు రాత్రికి రాత్రే తవ్వేసేవి. కుక్కలు నూటయాభై నుంచి నూటపదికి వచ్చాయి. బడి విడిచే వేళకు సుంకన్న దిన్నె దిగి వచ్చి, రోడ్డు పక్కన కర్ర పట్టుకుని నిలబడేవాడు. అది చార్టులో లేదు, అయినా ఎవరూ వద్దనలేదు. పిల్లలు అతని బోడి మెడను చూసి నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, ఇంటికి చేరేవాళ్లు కదా.

ఆదివారాలు అతను పాలబండ కోన దాకా నడిచిపోయి, కొండ కింద కూర్చుని తల ఎత్తి చూసేవాడు. మొదటి నెల గూట్లోంచి తల కనిపించింది. రెండో నెల పిల్ల బండ అంచున నిలబడి రెక్కలు ఆడించింది. మూడో నెల ఎగిరింది. ఆ రోజు ఇంటికొచ్చి సవారమ్మతో, "మే, ఎగిరిందే! కోన ఈ కొస నుంచి ఆ కొసకు పోయి వచ్చింది!" అని గెంతినంత పని చేశాడు. సవారమ్మ కూడా నవ్వింది. బిడ్డ పోయాక ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వింది అదే మొదలు.

అయిదేళ్లు నిండాక ఒక గురువారం ఆ పిల్ల బొమికెల దిన్నె మీదికి వచ్చింది. సుంకన్న ట్యాంకు మీద నుంచి ముందు నీడను చూశాడు, తర్వాత పక్షిని చూశాడు. దిన్నె మీద పొద్దున్నే తెచ్చి పడేసిన ఎద్దు ఉంది. పక్షి మూడు చుట్లు తిరిగి, కాళ్లు కిందికి చాపి దిగడం మొదలుపెట్టింది. సుంకన్న ట్యాంకు మెట్లు రెండేసి దూకుతూ దిగి, చెప్పులు వదిలేసి, అరుచుకుంటూ పరిగెత్తాడు.

"పో! పోవే! దిగొద్దు! తినగూడదే తల్లీ, పో!"

పక్షి ఎద్దు పక్కన వాలింది. సుంకన్న రాయి తీసుకుని విసిరాడు. అయిదేళ్లు ఎవరి కోసం చోటు ఆపాడో ఆ పక్షి మీదికే రాయి మీద రాయి విసురుతూ, ఏడుస్తూ, దిన్నె చుట్టూ తరిమాడు. ఒక రాయి రెక్కకు తగిలింది. అది బెదిరి కక్కి, బరువుగా లేచి కోన వైపు పోయింది. సుంకన్న కూలబడి, ఒగర్చుకుంటూ ఎద్దు మెడ తడిమాడు. సూది పోటు అక్కడే ఉంది, చుట్టూ తోలు గట్టిపడి. అది అతనికి పొద్దున తోలు ఒలవడానికి చెయ్యి పెట్టినప్పుడే తెలుసు.

అర్హత గల అభ్యర్థిని విధుల్లో చేరకుండా అడ్డుకున్నందుకు అతనికి సంజాయిషీ నోటీసు వచ్చింది. శేషఫణి ఎదురుగా మళ్లీ తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

"నీ పోస్టు పోతుందని తరిమినావా సుంకన్నా?"

"ల్యా సార్. ఆ ఎద్దుకు సూది ఏసినారు. మంగళవారం ఒగటి, బుధవారం ఒగటి. తింటే పిల్ల చచ్చిపోతాది."

"మరి నువ్వు తిన్నావా?"

"తిన్నా సార్. తినకుంటే ఎట్ల? కుక్కలు కాసుకోని ఉండె."

"అట్లాంటివి ఇదివరకు కూడా తిన్నావా?"

"సూది ఏయని గొడ్డు యాడుండాది సార్ ఈ కాలంలో?" అని సుంకన్న పంచె కాస్త పైకి తీసి పాదాలు చూపించాడు. నీళ్లు పట్టి ఉబ్బి ఉన్నాయి. శేషఫణి కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి, బొటనవేలితో నొక్కి చూశాడు. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆయన వెళ్లి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసి, మూత్రపిండాలు రాబందువని ఉన్న వరుస చదువుకున్నాడు. ఫైలు మూశాడు. ముందే చెప్పాను, మంచి మనిషని.

"సూది ఆపమని రాయొచ్చు. కానీ అది పక్క సెక్షను," అన్నాడు చివరికి. "వాళ్లు వినరు. రైతులూ వినరు."

"ఆపేది కాదని నాకూ తెల్సు సార్," అన్నాడు సుంకన్న. "ఒగ పని చెయ్యండి. సూది ఏయనివి ఏవన్నా దొరికితే, కోన కింద దానికి ఏయించండి. సూది ఏసినవన్నీ నాకు పంపండి. దాని పోస్టు దానికి ఇచ్చేయండి."

"నీకేం పోస్టు ఇవ్వాలి మరి?"

"ఏదో ఒగటి రాసుకోండి."

ఏడు ఎ అనే పోస్టు సృష్టించారు. ఉత్తర్వు ప్రకారం మండలంలోని కళేబరాలు రెండు రకాలు, రాబందులకు తగినవి, తగనివి. తగినవి పాలబండ కింద కొత్త దిన్నెకు వెళతాయి. తగనివాటికి కొమ్ము మీద ఎర్రరంగు పూసి, బొమికెల దిన్నెకు తోలతారు. రంగు డబ్బా, కుంచె పంచాయతీ సమకూర్చింది. శేషఫణికి పై అధికారి ఉత్తర్వు చదివి ఒకే ఒక సందేహం అడిగాడట, పక్షి తినకూడనిది మనిషి తినవచ్చునా అని. రూల్సు వెతికారు. పక్షి గురించి నాలుగు పేజీలున్నాయి, మనిషి గురించి ఏమీ లేదు. నిషేధం లేనిది అనుమతించినట్టే కాబట్టి సంతకం అయిపోయింది.

అన్నీ చక్కబడ్డాయి. ఆ మాట ఒప్పుకోవాలి. కోన కింద మంచి మాంసం దొరుకుతోందని ఎలా తెలిసిందో, ఎక్కడి నుంచో ఇంకో నాలుగు రాబందులు వచ్చి చేరాయి. రెండేళ్లకు అవి తొమ్మిదయ్యాయి. కొత్త దిన్నె మీద గంటలో పని ముగిసిపోయేది. బైనాక్యులర్లు మెడలో వేసుకుని జనం కార్లలో వచ్చారు. వాళ్ల కోసం నీడకు రేకుల షెడ్డు కట్టారు. పక్షిని కాపాడుకున్న మండలమని బోర్డు పెట్టారు, దాని మీద ఆ పిల్ల రాబందు బొమ్మ నిజంగానే చాలా బాగా వచ్చింది. కుక్కలు నలభైకి దిగిపోయాయి. హైస్కూలు దారిన రెండేళ్లుగా ఎవరినీ కరవలేదు. సవారమ్మ ఇంటి గడప మీద కూర్చుని, బడికి పోయే పిల్లల్ని ఒక్కొక్కరినే లెక్కపెట్టుకునేది. సాయంత్రం మళ్లీ అంతమందే వెనక్కి వస్తే, లోపలికి పోయి దీపం పెట్టేది.

సూది గురించి మాత్రం ఇక ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరమే లేకపోయింది. సూది వేసిన గొడ్డుకు పోయే చోటు ఉంది కదా! ఇంతకు ముందు కాస్త జంకుతూ వేయించేవాళ్లు కూడా ధైర్యంగా వేయించారు. ఊటుకొండలో మంచి ఏర్పాటు ఉందని విని, పక్క మండలం వాళ్లు తమ ఎర్రకొమ్ముల వాటిని పంపుతామని అడిగారు. తర్వాత ఆ పక్క మండలం. చివరికి ఒక లారీ పెట్టారు, రోజూ పొద్దున వచ్చేది. సుంకన్న వద్దనలేదు. తను వద్దంటే అవి ఎక్కడికి పోతాయో అతనికి తెలుసు. కోన కిందికే.

వాపు పాదాల నుంచి మోకాళ్లకు, మోకాళ్ల నుంచి ముఖానికి వచ్చింది. మెడ నిలవడం లేదు, ముందుకు వాలిపోతోంది. సవారమ్మ ఆఫీసుకు పోయి సెలవు అడిగింది. రాబందుకు మెడ వాలి ఉండటం సాధారణ భంగిమేనని, సెలవుకు కారణం కాదని సర్టిఫికెట్ చూపించారు. శేషఫణి ఆమెకు కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించాడు. "నాకు మాత్రం బాధ లేదంటావా అమ్మా," అన్నాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా. ఆమె నీళ్లు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, నమస్కారం పెట్టి వచ్చేసింది.

మరునాడు పొద్దున లారీ వచ్చేసరికి సుంకన్న దిన్నె మీద బోర్లా పడి ఉన్నాడు. ముందు రోజుది ఒక బర్రె సగం మిగిలింది. సవారమ్మ అతన్ని లేపి, తన భుజానికి ఆనించుకుని కూర్చోబెట్టింది. దిన్నె కింద నలభై కుక్కలు అప్పటికే చేరి, నాలుకలు బయట పెట్టుకుని నిలబడ్డాయి. లారీ డ్రైవరు కొళాయి ఈరన్న వెనక తలుపు తీశాడు.

"ఈపొద్దు అయిదుండాయి అక్కా."

"అన్నీ ఎర్రరంగువేనా?"

"ఎర్రవే. రంగు ల్యానివి కోనకు పాయె."

సుంకన్న చెయ్యి ఎత్తి, దించమన్నట్టు ఊపాడు. ఈరన్న తాడు కట్టి ఒక్కొక్కటే దించాడు. సుంకన్న ముందుకు జరగబోయి ఆగిపోయాడు. "నావల్ల కాలేదు సవారీ," అన్నాడు. ఆ మాట అతను అనడం ఆమె అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. రోడ్డు మీద హైస్కూలు పిల్లలు కనిపించారు. ఇరవై మందికి పైగానే ఉన్నారు, మాట్లాడుకుంటూ, సంచులు ఊపుకుంటూ వస్తున్నారు. కుక్కల్లో ఒకటి అటు తల తిప్పింది. తర్వాత రెండోది తిప్పింది.

సవారమ్మ చీర చెంగు నడుముకు బిగించి, బర్రెకు అవతలి వైపు వెళ్లి కూర్చుంది. కళ్లు మూసుకోలేదు. ముందుకు వంగింది.

"నీకు ఆర్డరు ల్యాదు గదక్కా!" అన్నాడు ఈరన్న గాభరాగా.

"కుక్కలకు ఆ మాట చెప్పు పో నాయనా," అంది ఆమె.

ఈరన్న కాసేపు నిలబడి చూశాడు. ఆమె ఒకసారి కక్కింది, కొంగుతో మూతి తుడుచుకుని మళ్లీ వంగింది. కుక్కలు కొంచెం వెనక్కి జరిగాయి. పిల్లలు దిన్నె దాటి వెళ్లిపోయారు. ఈరన్న లారీ ఎక్కి కూర్చుని, ఆఫీసుకు ఫోను చేసి, బొమికెల దిన్నె మీద ఇప్పుడు ఇద్దరున్నారని, రేపటి నుంచి పది పంపవచ్చని చెప్పాడు.